సీమ యాస ‘దిద్దిపెట్టమని’ అడుగుతున్నారు: ఇది దిద్దుబాటా, రచనా?

ప్రశ్న: చిత్రావతి (అనంతపురం)

పెద్దలకు నమస్కారం. నేను అనంతపురంలో ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో తెలుగు పాఠాలు చెబుతాను. పదేళ్లుగా కథలు రాస్తున్నాను. వాటిలో కొన్ని వారపత్రికల్లో వచ్చాయి, రెండు కథలు రేడియోలో చదివారు. సినిమాకు గాని, సీరియల్‌కు గాని ఇంతవరకు ఒక్క మాట కూడా రాసినవాణ్ణి కాను.

నా కథ ఒకటి చదివిన ఒక కో-డైరెక్టర్ నెల కిందట హైదరాబాదు నుంచి ఫోన్ చేశారు. తాము తీయబోయే సినిమా రాయలసీమలో జరుగుతుందని, మాటల రచయిత కోస్తా ప్రాంతం వారు కావడంతో సంభాషణలన్నీ మామూలు భాషలోనే ఉన్నాయని, వాటిని సీమ యాసలోకి మార్చిపెట్టాలని అడిగారు. సీమ పాత్రలు మాట్లాడే సీన్లలో 42 మాత్రమే నాకు పంపారు. “కథ మారదు, సీను మారదు, మాట చివర్లు మారితే చాలు, మీలాంటి వారికి పది రోజుల పని” అన్నారు. పారితోషికం గురించి “చూసి ఇస్తాం” అన్నారు. తెర మీద పేరు వేస్తారా అని అడగడానికి నాకు నోరు రాలేదు. కాగితం ఊసు వాళ్లూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఆరు సీన్లు చేసిన తరువాత నాకు అనుమానం పట్టుకుంది. ఒక సీనులో కొడుకు రాత్రిపూట ఇల్లు విడిచి పోబోతుంటే తల్లి ఆపుతుంది. నాకు వచ్చిన ప్రతిలో ఆమె మాట ఇలా ఉంది: “వద్దు నాన్నా, వెళ్లకు. నీకేమైనా అయితే నేను తట్టుకోలేను.” వాళ్లు చెప్పినట్టు చివర్లు మాత్రమే మారిస్తే, “వద్దు నాయనా, పోవాకు. నీకేమన్నా అయితే నేను తట్టుకోలేను” అవుతుంది. ధ్వని సీమదే, మనిషి మాత్రం సీమ మనిషి కాదు. నేను పెరిగిన వీధిలో ఏ తల్లీ ‘తట్టుకోలేను’ అని నోరు తెరిచి చెప్పగా నేను వినలేదు. గంటసేపు కూర్చుని చివరికి ఇలా రాశాను: “పొద్దు గూకినంక యాడికిరా పొయ్యేది? సంగటి చేసి పెట్టినా. తిని పండుకో. తెల్లారి మాట్లాడుదాం.” ఇందులో పాత వాక్యం ఒక్కటీ మిగల్లేదు. ఇది యాస మార్చడమేనా, లేక నేను నాకు తెలియకుండానే మాటలు రాస్తున్నానా? రాస్తున్నట్టయితే పేరు, పైకం, కాగితం గురించి ఏమని అడగాలి, ఎప్పుడు అడగాలి? యాస ఎంత మోతాదులో ఉండాలన్నది కూడా తెలిసినవారు చెబితే మేలు చేసినవారవుతారు.

జవాబు: కుందూ గట్టు (హైదరాబాదు)

చిత్రావతి గారూ, మీరు ఆరో సీను దగ్గర ఆగి ఈ ప్రశ్న వేశారు. నేను నూట ఎనభయ్యో ఎపిసోడు దాకా వేయలేదు. మాది ప్రొద్దుటూరు దగ్గర పల్లె. పదకొండేళ్లుగా హైదరాబాదులో ఉంటూ డైలీ సీరియళ్లకు మాటలు రాస్తున్నాను.

నా మొదటి పని సరిగ్గా ఇలాంటిదే. ఒక సీరియల్లో సీమ నుంచి వచ్చిన కోడలి పాత్ర ఉండేది, ఆమె మాటలు మాత్రం నేను దిద్దాలి. కొన్నాళ్లకు ఆ పాత్ర జనానికి నచ్చి, ఎపిసోడులో సగం సీన్లు ఆమె చుట్టూనే తిరగడం మొదలయ్యేసరికి, నాకు దిద్దడానికి ప్రతి రావడం ఆగిపోయి “కోడలు అత్తను నిలదీస్తుంది, రెండు నిమిషాలు” అన్న ఒక్క వాక్యం వాట్సాప్‌లో రావడం మొదలైంది. దిద్దుబాటు ఏ రోజున రచన అయిందో ఇప్పటికీ నేను తారీఖు వేసి చెప్పలేను. టైటిల్ కార్డు మాత్రం మారలేదు. ఒకసారి ధైర్యం చేసి అడిగితే “మనం ముందు అనుకున్నది యాసే కదమ్మా” అన్నారు. ఆ మాట నిజమే.

పైకం విషయం ఇంకో రకం. ఎపిసోడుకు ఇంత అని మాట్లాడుకున్నాం గాని, అది రాసిన ఎపిసోడుకా, ప్రసారమైన ఎపిసోడుకా అని నేను అడగలేదు. ఒక దశలో కథ దారి మార్చి, రాసి తీసిన సీన్లను పక్కన పడేశారు. వాటికి నాకు పైసా రాలేదు. అందువల్ల మీరు ‘ఎంత ఇస్తారు’ అని అడిగేటప్పుడు ‘దేనికి ఇస్తారు, ఎప్పుడు ఇస్తారు’ అని కూడా అడగాలి. సినిమా పనికి ఒప్పుకున్న రోజున కొంత, రాత అప్పగించిన రోజున కొంత, డబ్బింగ్ అయ్యాక మిగిలినది అని మూడు వాయిదాలుగా మాట్లాడుకోవడం తేలిక. విడుదలతో ముడిపెట్టిన వాయిదా ఒప్పుకోవద్దు, ఎందుకంటే విడుదల మీ చేతిలో లేదు.

సీరియల్ పని గురించి మీరు అడగలేదు గాని, రేపు అటు నుంచి కూడా పిలుపు రావచ్చు కాబట్టి ఒక్క ముక్క చెబుతాను. ఏ సీన్లు రాయాలో చెప్పే సీన్ ఆర్డర్ సాయంత్రం వస్తుంది, మర్నాడు ఉదయం తొమ్మిదికల్లా సీను లొకేషన్లో ఉండాలి. ఉదయం ఏడింటికి ఫోన్ మోగిందంటే దాదాపు ఎప్పుడూ ఒకటే కబురు: ఫలానా నటి ఈరోజు రావడం లేదు. ముగ్గురు కూర్చుని మాట్లాడుకునే సీను అప్పటికప్పుడు ఇద్దరి సీను అవుతుంది, మూడో మనిషి ఫోన్లో మాట్లాడినట్టు రాస్తాం. గురువారం రేటింగులు చూశాక వచ్చే వారం కథే మారిపోవచ్చు. కళాశాల పాఠాలు చెబుతూ అనంతపురం నుంచి ఆ పని చేయగలనని అనుకోవద్దు. సినిమా యాస పని మాత్రం ఊళ్లో కూర్చునే చేయవచ్చు.

అసలు చెప్పదలచుకున్నది వేరే ఉంది. మీరు ఎంత బాగా రాసినా యాస మూడు చోట్ల చచ్చిపోతుంది. నటికి తెలుగు చదవడం రాకపోతే మీ మాటను ఇంగ్లీషు అక్షరాల్లో రాసి ఇస్తారు, అక్కడ ‘ళ’కూ ‘ల’కూ, ‘ణ’కూ ‘న’కూ తేడా పోతుంది. సెట్ మీద అసిస్టెంటు ప్రాంప్టింగ్ చెబుతాడు, అతనిది ఏ జిల్లా అయితే ఆ జిల్లా రాగం అందులో కలుస్తుంది. చివరికి డబ్బింగ్ చెప్పే అమ్మాయి పెదవుల కదలికకు సరిపోయేలా మాట కుదిస్తుంది. నా కోడలు పాత్ర ఒకసారి ఫోన్లో పుట్టింటివాళ్లతో “రేపు వచ్చా” అనాలి. మా కడప వైపు ‘వస్తా’ను ‘వచ్చా’ అంటాం, జరిగిపోయినదానికి ‘వచ్చినా’ అంటాం. అసిస్టెంటు పిల్లవాడు ఆ వాక్యం చూసి వ్యాకరణం తప్పిందనుకుని, నన్ను అడగకుండా ‘రేపు’ కొట్టేసి ‘నిన్న’ అని రాశాడు. తెర మీద కోడలు ‘నిన్న వచ్చా’ అంది, తరువాతి సీనులో ఆమె ఊరికి వెళ్లడానికి బట్టలు సర్దుకుంటోంది. అప్పటి నుంచి నేను ప్రతి సీనూ నా గొంతుతో ఫోన్లో చదివి, ఆ రికార్డింగు కూడా రాతతో పాటు పంపుతున్నాను. మీరూ అలాగే చేయండి. డబ్బింగ్ రోజుల్లో థియేటర్లో కూర్చునే అవకాశం అడగండి, ఆ రోజులకు రానుపోను ఖర్చు, వసతి, రోజుకు ఇంత అని విడిగా మాట్లాడుకోండి.

జవాబు: తెర వెనక (హైదరాబాదు, సొంతూరు డోన్)

నేను అవతలి పక్షం మనిషిని, అంటే దర్శకత్వ శాఖలో పనిచేసేవాణ్ణి. ‘చూసి ఇస్తాం’ అన్న ప్రతివాడూ మోసగాడు కాడని ముందుగా చెప్పుకోవాలి. చాలా సినిమాల బడ్జెట్ కాగితంలో ‘యాస’ అనే పద్దే ఉండదు. కో-డైరెక్టర్ తన శాఖ ఖర్చుల్లోంచి ఎలాగో సర్దాలి, అందుకే అంకె చెప్పడానికి వెనకాడతాడు. బడ్జెట్ ఖరారయ్యే లోపల మీరు అడిగితే అది ఒక పద్దుగా ఎక్కుతుంది. షూటింగ్ మొదలయ్యాక అడిగితే ఆయన కూడా చేతులెత్తేయక తప్పదు. అందువల్ల మొహమాటం వదిలి ఈ వారమే అడగండి.

పేరు సంగతి. ‘మాటలు’ అనే కార్డు ఆ రచయితదే, దాన్ని పంచుకోమని అడిగితే మొదటి రోజే తగవు మొదలవుతుంది. ‘అదనపు మాటలు’, ‘మాటల సహకారం’, ‘రచనా సహకారం’, ‘యాస సహకారం’ అని రకరకాలుగా వేస్తుంటారు. వీటిలో మొదటిది గట్టిది, చివరిది పలచనిది. ఏది వేస్తారన్నదానితో పాటు అది మొదట్లో వేసే కార్డా, చివర్లో పైకి పాకిపోయే జాబితాలో ఒక వరుసా అన్నది కూడా తేల్చుకోండి. జాబితా వచ్చేసరికి జనం చెప్పులు వెతుక్కుంటూ ఉంటారు.

ఇక మీ తల్లి మాట. మీ వాక్యం నాకు నచ్చింది, నిజంగా మా అవ్వ మాట్లాడినట్టే ఉంది. కాని ఒక పాఠకుడిలా కాకుండా సినిమా మనిషిలా అడుగుతున్నాను: ఆ ‘తట్టుకోలేను’ అన్న మాట ముందు సీన్లలో గాని, తరువాతి సీన్లలో గాని మళ్లీ వస్తుందేమో చూశారా? పద్నాలుగో సీనులో తల్లి అన్న మాటను క్లైమాక్స్‌లో కొడుకు గుర్తు చేసుకోవడానికే అక్కడ పెట్టి ఉండవచ్చు. ఇక్కడ దాన్ని తీసేస్తే అక్కడ క్లైమాక్స్ సీను కూలుతుంది. మీకు 42 సీన్లే పంపడం మా వాళ్ల తప్పు, బౌండ్ స్క్రిప్టు, అంటే అన్ని సీన్లూ ఉన్న పూర్తి ప్రతి, అడిగి తెప్పించుకోకుండా మొదలుపెట్టడం మీ తప్పు. స్క్రిప్టు చదవనివాడు మాటల చివర్లు మాత్రమే దిద్దగలడు, మీరు ఫిర్యాదు చేస్తున్నది సరిగ్గా దాని గురించే కదా.

మరో సలహా. మాటల రచయితతో నేరుగా మాట్లాడండి. మధ్యవర్తుల ద్వారా మాట్లాడితే ‘ఎవరో పంతులు మీ మాటలు బాగాలేవంటున్నాడు’ అనే రూపంలో అది ఆయన చెవిన పడుతుంది. రాత పంపేటప్పుడు పాత వాక్యాన్ని చెరిపేయకుండా, మన పాత పద్ధతిలో ఎడమవైపు దృశ్యం, కుడివైపు సంభాషణ ఉన్న పేజీలోనే, ఆయన వాక్యం కింద మీ వాక్యం రంగు మార్చి పెట్టండి. ప్రతి ఫైలు మీద తేదీ, ఎన్నో ప్రతి అన్నది రాయండి. మా ఆఫీసుల్లో టైపింగ్ ఇప్పటికీ యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో నడుస్తున్న చోట్లు ఉన్నాయి. మీరు పంపిన యూనికోడ్ రాతను అందులోకి మార్చేటప్పుడు ‘ల్యా’, ‘య్య’ లాంటి ఒత్తులు చెదిరిపోతాయి. పీడీఎఫ్ కూడా జతచేయండి.

జవాబు: కుందూ గట్టు (హైదరాబాదు)

తెర వెనక గారు చెప్పిన బౌండ్ స్క్రిప్టు మాట నూటికి నూరుపాళ్లూ ఒప్పుకుంటాను, నేను మరిచాను. ‘యాస సహకారం’ అన్న కార్డుతో మాత్రం సరిపెట్టుకోమని చెప్పలేను. చిత్రావతి గారు ఆ తల్లి సీనులో చేసింది సహకారం కాదు. పలచని కార్డు ఒకసారి పడితే తరువాతి సినిమావాళ్లు కూడా అక్కడి నుంచే బేరం మొదలుపెడతారు.

జవాబు: బురుజు నీడ (కర్నూలు)

న్యాయవాదిగా నాలుగు మాటలు. మీ నిర్దిష్టమైన కాగితం చూడకుండా ఇచ్చే సలహాకు పరిమితి ఉంటుందని గమనించండి.

దిద్దుబాటు ఎక్కడ ముగిసి రచన ఎక్కడ మొదలవుతుందన్నది న్యాయస్థానాల ముందుకు వచ్చిన ప్రశ్నే, అయితే సినిమా రూపంలో కాదు. సుప్రీంకోర్టు తీర్పులకు సంపాదకత్వం వహించి అచ్చువేసే ఈస్టర్న్ బుక్ కంపెనీ వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2007 డిసెంబరులో తీర్పు చెప్పింది. తీర్పు ప్రతిలో అచ్చుతప్పులు, విరామ చిహ్నాలు సరిచేయడం వంటి పనికి కాపీరైటు రాదని, పేరాలుగా విడగొట్టి అంతరార్థం చూసి అమర్చడం వంటి, నైపుణ్యం, విచక్షణ, కొద్దిపాటి సృజన కలిసిన పనికి ఆ మేరకు హక్కు ఉంటుందని అందులో తేల్చారు. మీ రెండు వాక్యాలను దీని పక్కన పెట్టి చూడండి. ‘వెళ్లకు’ను ‘పోవాకు’ చేయడం మొదటి కోవకు దగ్గర. సంగటి వాక్యం రెండో కోవకు చెందుతుందని నేను వాదించగలను. అవతలి వకీలు వేరేలా వాదిస్తాడు, అందుకే వాదన దాకా పోకుండా ముందే రాసుకోవడం మంచిది.

కాపీరైటు చట్టం, 1957లోని 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఏ రచన, ఏ హక్కులు, ఎంత కాలం, ఏ ప్రాంతం, ఎంత ప్రతిఫలం అన్నవి అందులో ఉండాలి. కాలం రాయకపోతే ఐదేళ్లని, ప్రాంతం రాయకపోతే భారతదేశం మేరకేనని అదే సెక్షన్ చెబుతుంది. ఇది మీకు బలమైన పాయింటు. కాగితం లేకపోతే నష్టపోయేది మీరొక్కరే అనుకుంటున్నారు, నిజానికి నిర్మాతకూ చిక్కే. రేపు ఓటీటీ సంస్థకు సినిమా అమ్మేటప్పుడు, రాతలో చేయి పెట్టిన ప్రతివారి నుంచి హక్కులు సక్రమంగా వచ్చాయా అని కొనేవారు కాగితాలు అడుగుతారు. కాబట్టి ఒప్పందం అడగడాన్ని అనుమానించడంగా కాక, వారి పని సులువు చేయడంగా చెప్పండి.

2012లో చట్టానికి చేసిన సవరణ రచయితలకు ఒక ముఖ్యమైన రక్షణ ఇచ్చింది. సినిమాలో చేరిన సాహిత్య రచనకు, థియేటర్లో సినిమాతో పాటు ప్రదర్శించడం కాకుండా వేరే రూపాల్లో జరిగే వినియోగం మీద వచ్చే రాయల్టీలో సమాన వాటా హక్కును రచయిత తన వారసులకో, కాపీరైటు సొసైటీకో తప్ప మరొకరికి రాసివ్వడానికి గాని, వదులుకోవడానికి గాని వీలులేదు. ‘సమస్త హక్కులూ శాశ్వతంగా, రాయల్టీతో సహా’ అని మీ ముందు కాగితం పెడితే ఆ ‘రాయల్టీతో సహా’ అన్న ముక్క దగ్గర ఆగి అడగండి. ఆచరణలో ఆ డబ్బు చేతికి రావడం వేరే కథ, కాని ఉన్న హక్కును సంతకంతో తుడిచేసుకోనక్కర లేదు. అలాగే 57వ సెక్షన్ కింద, హక్కులు రాసిచ్చిన తరువాత కూడా ‘ఇది నా రచన’ అని చెప్పుకునే హక్కు రచయితకు మిగులుతుంది. పేరు వేయడం అన్నది దయ కాదని గుర్తుంచుకుని మాట్లాడండి.

చాలామంది వెంటనే ‘రిజిస్టర్ చేయించండి’ అంటారు. కాపీరైటు కార్యాలయంలో సాహిత్య రచన నమోదుకు రుసుము 500 రూపాయలు, అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగుతారు. రచయితల సంఘాల్లోనూ రాతప్రతులు నమోదు చేసుకునే ఏర్పాట్లు ఉన్నాయి. మీ సొంత కథకైతే చేయించండి. ఈ స్క్రిప్టు మాత్రం మీది కాదు, దాన్ని మీ పేరిట నమోదు చేయబోతే మీరే ముద్దాయి స్థానంలో నిలబడతారు. మీకు కావలసింది ఎవరు, ఏ రోజు, ఏమి పంపారన్న ఆధారం. వాట్సాప్ కంటే ఈమెయిల్ మేలు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డులను కోర్టులో చూపాలంటే ధ్రువపత్రం జతచేయాలి, అందువల్ల అసలు మెయిళ్లు చెరిపేయవద్దు. పైకం ఇచ్చేటప్పుడు పది శాతం ఆదాయపు పన్ను కింద (టీడీఎస్) ముందే కోసుకుంటే గాభరా పడవద్దు. నిజానికి అది మీ పని వృత్తి రచన అని వారు ఒప్పుకున్నట్టు పనికివచ్చే కాగితం.

జవాబు: పాత నాటకం (కడప)

నేను సినిమాకు రాయలేదు. ముప్పై ఏళ్లకు పైగా రంగస్థలం మీద, కడప ఆకాశవాణి నాటకాల్లో పాత్రలు వేశాను. రేడియోలో మొహం కనబడదు, కాబట్టి మనిషిని మాటతోనే నిలబెట్టాలి. ఆ అనుభవంతో యాస మోతాదు గురించి మాత్రం చెబుతాను.

మొదటి ప్రశ్న, ఏ సీమ? స్క్రిప్టులో ‘రాయలసీమలో ఒక గ్రామం’ అని ఉంటే పని మొదలుపెట్టవద్దు, మండలం పేరు అడగండి. 2022లో జిల్లాలు విడిపోయి పేర్లు పెరిగాయి గాని, ఉమ్మడి జిల్లాల లెక్కన చూసినా మాట ఒకటి కాదు. మీ అనంతపురం వైపు ‘ఏమప్పా, యాడికి పోతాండావు?’ అంటే, మా జమ్మలమడుగు వైపు ‘ఏంబ్బా’ అంటాం. ‘చేస్తా’ మీది, ‘చేచ్చా’ మాది. మడకశిర, హిందూపురం వైపు కన్నడం కలుస్తుంది. ఆదోనిలో కన్నడంతో పాటు ఉర్దూ కూడా వినబడుతుంది. అన్నట్టు, మీ జిల్లాలో యాడికి అనే ఊరే ఉంది కదా. ‘యాడికి పోతాండావు?’ అంటే ‘యాడికికే’ అన్న పాత హాస్యం ఏ సినిమావాడి చెవినా పడినట్టు లేదు, అది ఉచితంగా వాడుకోండి.

రెండో సంగతి. అరవై ఏళ్ల మనిషికి ఉన్నంత యాస ఇరవై ఏళ్ల ఇంజినీరింగ్ పిల్లవాడికి ఉండదు. అదే పిల్లవాడు బెంగళూరు స్నేహితుడితో ఒకలా, ఇంట్లో అవ్వతో ఇంకోలా మాట్లాడతాడు. 42 సీన్లకూ ఒకే మోతాదు పోస్తే అందరూ ఒకే మనిషిలా వినబడతారు. నేనైతే మూడు విషయాలు పట్టుకుని మిగతాది వదిలేస్తాను: క్రియ చివర, పిలుపు, కాదనడం. ‘చెప్పాడు’ బదులు ‘చెప్పినాడు’, ‘రాలేదు’ బదులు ‘రాల్యా’, ‘ఆయన’ బదులు ‘ఆయప్ప’. పిలుపు అన్నిటికంటే ముఖ్యం. మనవైపు గౌరవం ‘అండి’లో ఉండదు, ‘అన్నా’లో, ‘అప్పా’లో, ‘సామీ’లో ఉంటుంది. సీమ పల్లెలో ముసలాయన చేత మాటకు ముందొకటి వెనకొకటి ‘అండీ’ అనిపించి, చివర్న ‘ఏందిరా’ తగిలిస్తే అది యాస కాదు, వేషం. అరుదైన మాండలిక పదాలు గుప్పించడం కూడా అలాంటిదే. అచ్చులో అవి అందంగా ఉంటాయి, థియేటర్లో శ్రీకాకుళం ప్రేక్షకుడు పక్కవాణ్ణి ‘అంటే ఏంటి?’ అని అడిగే లోపల సీను దాటిపోతుంది.

మూడోది నా కడుపుమంట అనుకోండి. తాడిపత్రిలో పుట్టిన కె.వి. రెడ్డి గారిని, పులివెందుల ప్రాంతపు బి.ఎన్. రెడ్డి గారిని తెలుగు తెరకు ఇచ్చిన నేల ఇది. ఆ తరంలో తెర మీద ప్రమాణంగా చెల్లింది మాత్రం కృష్ణా, గుంటూరు వైపు మాట. తరువాత 1990ల చివర మొదలైన ఫ్యాక్షన్ సినిమాల వరసలో మన మాట తెర మీదికి వచ్చింది గాని, తొడగొట్టి అరిచే గొంతుతో వచ్చింది. నేను చూసిన పెద్దమనుషుల్లో నిజంగా కోపం వచ్చినవాడు గొంతు తగ్గిస్తాడు. ‘సరే పోప్పా’ అని లేచిపోతాడు. భయపడవలసింది ఆ మాటకు. మీ తల్లి పాత్ర ‘సంగటి చేసి పెట్టినా’ అన్నప్పుడు నాకు ఆ తగ్గు గొంతు వినబడింది, అందుకే ఇంత రాశాను.

చిత్రావతి (అనంతపురం)

అందరికీ పేరు పేరునా కృతజ్ఞతలు. జరిగింది చెప్పడం నా బాధ్యత.

మరుసటి రోజే కో-డైరెక్టర్ గారికి మెయిల్ రాశాను. మూడు సీన్లు మచ్చుకు ఇస్తానని, మిగిలినవి ఒప్పందం తరువాతేనని, మొత్తం స్క్రిప్టు పంపాలని, పాత్రల ఊరు ఏ మండలమో చెప్పాలని, మూడు వాయిదాలు కావాలని అడిగాను. పంపాక రెండు రోజులు నిద్ర పట్టలేదు. మూడో రోజు బౌండ్ స్క్రిప్టు వచ్చింది. తెర వెనక గారు ఊహించినట్టే, 71వ సీనులో కొడుకు ఆసుపత్రి వరండాలో కూర్చుని “తట్టుకోలేనన్నావు కదమ్మా” అంటాడు. నా సంగటి వాక్యం ఆ సీనును చంపేసేది. సిగ్గుపడ్డాను. రెండు రోజులు తలబద్దలు కొట్టుకుని, ఆసుపత్రి సీనులో కొడుకు మాటను “సంగటి చేసి పెట్టినా అన్యావు కదమ్మా, తినకుండా పోయినా” అని మార్చి, రెండు సీన్లూ కలిపి, పాత వాక్యాలు పక్కన ఉంచి, నా గొంతు రికార్డింగుతో పంపాను.

ఒప్పందం ముసాయిదా వచ్చింది. కార్డు ‘అదనపు మాటలు’ అని ఇంకా ఖరారు కాలేదు, ‘మాటల సహకారం’ దగ్గర ఆగింది. వాయిదాలు మూడూ ఒప్పుకున్నారు, మొదటిది ఇంకా రాలేదు. ‘రాయల్టీతో సహా’ అన్న ముక్క అందులో ఉంది, దాని కింద గీత గీసి బురుజు నీడ గారు చెప్పినట్టు తిప్పి పంపాను.

నిన్న రాత్రి పది దాటాక మాటల రచయిత గారే స్వయంగా ఫోన్ చేశారు. కోపంగా ఉన్నారేమోనని భయపడుతూ ఎత్తాను. ఆసుపత్రి సీను గురించి ఏమీ అనలేదు. మచ్చు సీన్లలో ఒక చోట మేనమామ పాత్ర ‘ఎల్లుండి వచ్చా’ అంటాడు కదా, ఇది అచ్చుతప్పా అని అడిగారు. కాదని, ఆ పాత్రది జమ్మలమడుగు అని మీ వాళ్లే రాశారని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తరువాత, “అయితే ఆయన చెల్లెలు, అంటే హీరో తల్లి, పుట్టింది కూడా జమ్మలమడుగే కదండీ, మరి ఆమె అనంతపురం మాట ఎందుకు మాట్లాడుతోంది?” అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ముప్పై ఏళ్లు కాపురం చేసిన ఊరి మాటా, పుట్టిన ఊరి మాటా ఆమె నోట్లో ఏ పాళ్లలో ఉంటాయో తేల్చడానికి రాత్రి పన్నెండు దాకా ఇద్దరం మాట్లాడుకున్నాం. ఆమె మామూలుగా మా మాటే మాట్లాడాలని, అన్నతో మాట్లాడేటప్పుడు మాత్రం ‘చేచ్చా’ రావాలని అనుకున్నాం. ఈ ఉదయం నుంచి ఆమె సీన్లన్నీ మళ్లీ మొదటి నుంచి చూస్తున్నాను.